విశాఖ బీచ్‌రోడ్డు మీద సూర్యుణ్ణి పెడితే భూమి ఎక్కడికొస్తుంది?

గాజువాక టీచర్: ఎనిమిదో తరగతి పిల్లలకు సూర్యుడు, భూమి, చంద్రుడు, పక్క గ్రహాలు అసలు కొలతల నిష్పత్తిలో చూపించాలి. చార్టు మీద సైజు కుదిరితే దూరం కుదరట్లేదు. ఏ స్కేలు వాడమంటారండీ?

మద్దిలపాలెం నుంచి ఒకరు: సెంటీమీటరుకు 10,000 కిలోమీటర్లు పెట్టుకోండి మేడమ్, లెక్క నోటితోనే అయిపోతుంది. సూర్యుడి వ్యాసం 139 సెంటీమీటర్లు. బంతి చెయ్యలేం, 70 సెంటీమీటర్ల పురికొసతో అట్ట మీద గుండ్రంగా గీసి కోసెయ్యండి. భూమి 1.27, మామూలు గోళీ 1.6 ఉంటుంది కాబట్టి పనికిరాదు, బంకమట్టి ఉండ చెయ్యండి. శుక్రుడూ ఇంచుమించు అంతే. బుధుడికి మిరియం, కుజుడికి ఎండు బఠాణీ, చంద్రుడికి మూడున్నర మిల్లీమీటర్ల సగ్గుబియ్యం గింజ. థర్మోకోల్ వద్దు, సముద్రపు గాలికి ఒక్కటీ నిలవదు.

సూర్యుడి నుంచి బుధుడు 58 మీటర్లు, శుక్రుడు 108, భూమి 150, కుజుడు 228. బీచ్‌రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ ఒక కొస దగ్గర సూర్యుణ్ణి నిలబెడితే, దాని పొడవు 91 మీటర్లు గనక బుధుడు మధ్యలోనే పడతాడు, శుక్రుడు రెండో కొస దాటాక. 30 మీటర్ల టేపు ఐదుసార్లు వేస్తే భూమి.

గాజువాక టీచర్: చంద్రుణ్ణి భూమి పక్కనే అంటించెయ్యొచ్చా?

సీతమ్మధార నుంచి ఇంకొకరు: అమ్మో, వద్దు! అందరూ తప్పేది అక్కడే. 38.4 సెంటీమీటర్లు, అంటే ముప్పై భూములు వరసగా పేర్చినంత దూరం. పైగా చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంటుంది. ఈ స్కేల్లో గింజ 3.4 సెంటీమీటర్ల దాకా పైకో కిందికో పోతుంది. అక్కడ భూమి నీడ వెడల్పు సెంటీమీటరుకు లోపే. ప్రతి పున్నమికీ గ్రహణం ఎందుకు పట్టదో ఆ గింజే చెబుతుంది.

భూమి దగ్గర కన్ను పెట్టి చూస్తే గింజ సూర్యుడి అట్టని సరిగ్గా కప్పాలి. ఉత్త కంటితో అంచు మసకగా ఉంటుంది, ఎందుకంటే కనుపాప దాదాపు గింజంత ఉంటుంది. అట్టముక్కకి గుండుసూదితో బెజ్జం పొడిచి, ఒక కన్ను మూసి చూడమనండి. అసలు సూర్యుడి మీద మాత్రం ఈ ప్రయోగం చెయ్యనివ్వకండి.

గాజువాక టీచర్: సాయంత్రం ఆర్కే బీచ్‌లో సముద్రం మీద శుక్రుడు కనపడడేంటని పిల్లలు అడుగుతున్నారు.

మద్దిలపాలెం: భూమి దగ్గర నిలబడి సూర్యుడికేసి తిరగమనండి. 108 మీటర్ల వలయం మీద శుక్రుణ్ణి ఎక్కడ పెట్టినా 47 డిగ్రీలకి మించి పక్కకి పోడు. ఎడమన ఉంటే సూర్యాస్తమయం తర్వాత పడమట, అంటే మనకి ఊరివైపు బిల్డింగుల మీద. కుడిన ఉంటే తెల్లవారుజామున సముద్రం మీద.

సీతమ్మధార: ఒక్క మాట. గ్రహాలన్నిటినీ ఒకే గీత మీద పెట్టకండి. కుజుడు భూమికి 78 మీటర్ల దగ్గరికి రావచ్చు, సూర్యుడికి అవతలుంటే 378. రోడ్డు మీద రెండు చోట్లా సుద్దతో గుర్తు పెట్టండి.