"ఆవు చేలో మేస్తే" పుట్టుక సామెతేనా?

ప్రశ్న: "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా", "పులి కడుపున చలిచీమలు పుడతాయా". రెండూ తల్లి ఎట్లనో పిల్ల అట్లనే అని కదా? పిల్లలకు సామెతలు చెప్పేటప్పుడు ఒకే వరుసల పెట్టొచ్చా?

జవాబు: పెట్టొద్దు సార్. పులి సామెతల 'కడుపున', 'పుడతాయా' అనంగనే సంగతి పుట్టుకతో తేలిపోయింది. ఆవు సామెతల పుట్టుక ఊసే లేదు. 'మేస్తే' చేదర్థకం, అంటే 'ఇట్లయితే' అని షరతు చెప్పే క్రియ రూపం. తల్లి చేన్ల పడితే దూడా చేన్లనే, తల్లి గట్టున మేస్తే అదీ గట్టునే. షరతు మార్చి చూడండి, ఫలితం మారుతది. పులి సామెతల మార్చనీకె షరతే లేదు. "పుట్టిన బుద్ధి పుడకలతోగాని పోదు" కూడా ఆ వరుసలదే.

ఇంకొకరు: ఈ సామెత కట్టినోళ్లకు పశువులు బాగా ఎరుక. ఏ గడ్డి తినాలె, ఎటు పోవాలె అన్నది దూడ తల్లి వెంట తిరుగుకుంటనే నేర్చుకుంటది. దూడ మూతికి చిక్కం కట్టి లాభం లేదు, ముందు ఆవును మళ్లించాలె. చేన్ల పడ్డ పశువులను కట్టేసే బందెలదొడ్డికి తోలినా దండుగ కట్టేది యజమానే. తప్పు చేసిన పిల్లగాణ్ని నిలబెట్టి ఈ మాట అంటరు గాని, ఇది తగలాల్సింది పెద్దోళ్లకు. కులం పేరెత్తి అనేటోళ్లదైతే మరీ అన్యాయం, పెంపకం మాటను పుట్టుకకు అంటగడుతున్నరు.

మరొకరు: మన తెలంగాణ దిక్కు ఇంకో చిక్కుంది. గట్టు అంటే ఇక్కడ గుట్ట కూడా; ములుగు దగ్గర గట్టమ్మ తల్లి పేరే చూడండి. పొలం గట్టును ఒడ్డు అంటం, నాట్లకు ముందు ఒడ్లు చెక్కుతం. వట్టిగ 'గట్టున' అంటే దూడ గుట్ట ఎక్కిందనుకుంటరు పిల్లలు. ముందు 'ఒడ్డు మీద' అని చెప్పి, తర్వాత పుస్తకం రూపం రాయించండి.

ప్రశ్న: మరి "మొక్కై వంగనిది మానై వంగునా"?

జవాబు: అది వయసు సంగతి. 'మొక్కై' అంటే మొక్క అయి, మొక్కగ ఉన్నప్పుడు అని. ఎవరు వంచాలె, ఎటు వంచాలె అన్నది అందుల లేదు. కొట్టి పెంచనీకె దీన్ని సాకు చేసుకునేది అందుకే. సమాజం ప్రభావం చెప్పాలంటే "ఆరునెలలు సావాసం చేస్తే వారు వీరవుతారు" తీసుకోండి. ఇదీ చేదర్థకమే, కాని వయసు అడ్డం లేదు, మాను కూడా వంగుతదనే దీని లెక్క. ఈ రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి పిల్లలనే కొట్లాడనియ్యండి. ఆవు సామెత వీటి పక్కన మూడోది, అది పెంపకం సంగతి.