హార్డ్ బూట్లతో కార్వింగ్ మొదలుపెట్టాలి: బోర్డు, బూట్లు, బైండింగులు ఎలా ఎంచుకోవాలి?

గీతలవేట:

నమస్తే అండీ. నాలుగు సీజన్లుగా సాఫ్ట్ బూట్లతో స్నోబోర్డు నడుపుతున్నాను. చదును చేసిన మంచు స్లోపు మీద కార్వింగ్ (పక్కకి జారకుండా బోర్డు అంచు మీదే మలుపులు గీయడం) తప్ప వేరే ఏదీ పట్టదు, అందుకని గట్టి ప్లాస్టిక్ హార్డ్ బూట్లు, వాటిని బోర్డుకి పట్టి ఉంచే ప్లేట్ బైండింగులకి మారదామనుకుంటున్నాను. ఎత్తు 173 సెం.మీ., బరువు 72 కిలోలు, పాదం పొడవు 26.5 సెం.మీ., ఎడమ కాలు ముందు.

సెకండ్‌హ్యాండ్‌లో ఒక సెట్ దొరుకుతోంది. 185 సెం.మీ. జీఎస్ (జెయింట్ స్లాలమ్, పెద్ద మలుపుల పందెం) రేస్ బోర్డు, నడుము (మధ్యలో సన్నని చోటు) వెడల్పు 18.5 సెం.మీ., సైడ్‌కట్ (పక్క అంచుల లోపలి వంపు) రేడియస్ 20 మీటర్లు. దాంతోపాటు 28 సైజు హార్డ్ బూట్లు, బైండింగులు కూడా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? నా దగ్గర స్కీ బూట్లు ఉన్నాయి, వాటితో నెట్టుకురావచ్చా? బైండింగులు స్టెప్-ఇన్ (అడుగు పెట్టి నొక్కగానే పట్టేసేవి) మంచివా, ముందువైపు లివర్ ఉండే మామూలువా? డబ్బు ముందు దేనిమీద పెట్టాలి?

అంచుమీద:

ఆ బోర్డు వద్దండీ. చెడ్డ బోర్డని కాదు, మీరు నేర్చుకోవాల్సిన పనికి అది అడ్డం. అసలు చిక్కు పొడవులో లేదు, రేడియస్‌లో ఉంది.

ఎడ్జ్ (బోర్డు పక్కనుండే ఇనుప అంచు) మీద వాల్చిన బోర్డు గీసే వంపు రేడియస్ ఎంత ఉంటుందో ఉజ్జాయింపుగా లెక్కేయొచ్చు: సైడ్‌కట్ రేడియస్‌ని వాల్చిన కోణపు కొసైన్‌తో గుణించాలి. 20 మీటర్ల బోర్డుని 45 డిగ్రీలు వాలిస్తే వంపు 14 మీటర్లు. ఆ వంపులో శరీరాన్ని కూడా అంతే వాల్చి పడకుండా నిలవాలంటే గంటకి 42 కి.మీ. వేగం ఉండాలి. అదే 10 మీటర్ల బోర్డయితే వంపు 7 మీటర్లు, వేగం 30 కి.మీ. చాలు. స్లోపు వాలుని ఇందులో కలపలేదు, అయినా తేడా ఎంతో తెలుస్తుంది. ఇక జాగా సంగతి. అర్ధచంద్రాకారంలో అటొకటి ఇటొకటి మలుపులు వేస్తే పెద్ద బోర్డుకి 28 మీటర్ల వెడల్పు కావాలి, చిన్నదానికి 14 చాలు. జనం ఉన్న స్లోపు మీద 28 మీటర్లు ఖాళీగా దొరకడం కష్టం.

వేగం చాలకపోతే వంపు లోపలికి కూలబడతారు. దానికి భయపడి తక్కువ వాలిస్తే వంపు ఇంకా పెద్దదై, బోర్డు ఎక్కువసేపు కిందికి చూస్తూ వేగం పెంచుతుంది. అప్పుడు వెనక కాలితో తోకని పక్కకి తోసేస్తారు. ఒకసారి ఈ అలవాటు పడితే వదిలించుకోవడానికి చాలా రోజులు పడుతుంది. నేను రేడియస్ గురించి ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

మీకు కావాల్సింది ఫ్రీకార్వ్ బోర్డు, అంటే పందేలకి కాక మామూలు కార్వింగ్ కోసం చేసింది: పొడవు 158–166 సెం.మీ., రేడియస్ 9.5–12 మీటర్లు, నడుము 20–22 సెం.మీ., మామూలు క్యాంబర్ (నేల మీద పెడితే మధ్యలో పైకి లేచి ఉండే వంపు). ఎఫ్2 కంపెనీ సిల్బర్‌ఫైల్ లాంటివి ఈ కోవలోవే. స్లాలమ్ (చిన్న మలుపుల పందెం) రేస్ బోర్డు రేడియస్ దగ్గరగానే ఉంటుంది గానీ గట్టితనం ఎక్కువ, చిన్న పొరపాటుని కూడా క్షమించదు. గట్టితనం బరువుకి తగ్గట్టు ఉండాలి. 90 కిలోల మనిషి కోసం చేసిన బోర్డు 72 కిలోలకి నెమ్మది వేగంలో వంగదు, వంగకపోతే తిరగదు.

టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు పొర ఉన్న బోర్డులు గట్టి మంచు మీద అదరకుండా పట్టుకుంటాయి. కానీ ముక్కు గుచ్చుకుని ఒకసారి మడత పడితే అలాగే వంగి ఉండిపోతాయి. ఫైబర్ బోర్డు తిరిగి లేస్తుంది. మొదటి బోర్డు ఫైబర్‌దైతే నయం.

షెల్‌ఫిట్:

బోర్డు గురించి పైన చెప్పింది సరైనదే. కానీ డబ్బు ముందు పెట్టాల్సింది బూట్ల మీద. బోర్డు ఏడాదికే మార్చేస్తారు, సరిపోయిన బూట్లు చాలా సీజన్లు వస్తాయి.

26.5 పాదానికి 28 బూట్లు అస్సలు తీసుకోకండి. మొండో సైజు అంటే పాదం పొడవు సెంటీమీటర్లలో, అంతే. గోడకి మడమ ఆనించి, నిలబడి, రెండు పాదాలూ కొలవండి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. తర్వాత షెల్ పరీక్ష చేయాలి. లైనర్ (లోపలి మెత్తని బూటు) బయటికి తీసి, ఉత్త షెల్‌లో (బయటి ప్లాస్టిక్ డొప్పలో) పాదం పెట్టి, వేళ్ళు ముందుకి తగిలేలా జరపండి. మడమ వెనక 1 నుంచి 1.5 సెం.మీ. ఖాళీ ఉండాలి, అంటే దాదాపు ఒక వేలు. రెండు వేళ్ళు దూరితే షెల్ పెద్దది. అరసైజులకి సాధారణంగా షెల్ ఒకటే, లోపలి లైనరో అట్టో మారుతుంది. కాబట్టి 26 అనీ 26.5 అనీ రాసి ఉందని కంగారు పడక్కర్లేదు, షెల్‌నే చూడండి.

పెద్ద షెల్‌తో ఏమవుతుందంటే, టోసైడ్ (కాలివేళ్ళ వైపు అంచు మీద వేసే) మలుపులో మీరు ముందుకి నొక్కగానే మొదట బూటు లోపల మడమ లేస్తుంది, తర్వాతే బోర్డు కదులుతుంది. ఆ ఆలస్యాన్ని సరిచేద్దామని బకిల్స్ ఇంకా బిగిస్తారు, పాదం మొద్దుబారుతుంది. లైనర్ వేసి నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి మెల్లగా తగలాలి, మోకాలు వంచితే వెనక్కి రావాలి. కొత్త లైనర్ వేడితో మలిచే రకమైతే తప్పకుండా మలిపించండి. చీలమండ దగ్గరి బకిల్ గట్టిగా, వేళ్ళ మీది బకిల్స్ మూసుకునేంత వరకే.

గట్టితనం దగ్గర ఆశపడకండి. డీలక్స్ కంపెనీ ట్రాక్ బూట్ల వరుసలో 325 మెత్తనిది, 700 గట్టిది. 72 కిలోలకి, మొదటిసారికి, మెత్తని వైపే ఉండండి. పాదం చిన్నదైనా, సోల్ పొట్టిగా కావాలన్నా యూపీజెడ్ బూట్లు చూడొచ్చు. అదే పాదానికి వాటి సోల్ కాస్త పొట్టి.

స్కీ బూట్ల సంగతి: ముందూ వెనకా అంచుల ఆకారం ఒకటే కాబట్టి లివర్ బైండింగులో పడతాయి. ఒకటి రెండు రోజులు రుచి చూడ్డానికి సరే. అంతకు మించి వద్దు. వాటి సోల్ పొడుగు, అందుకని మంచుకి ముందే తగులుతుంది. పక్కకి అసలు వంగవు, స్నోబోర్డు మీద ఆ కదలిక కావాలి. ముందుకి వాలే కోణాన్ని ఒక్కో కాలికి ఒక్కోలా మార్చుకునే లివర్ కూడా చాలావాటికి ఉండదు. గ్రిప్‌వాక్ లాంటి వంపు తిరిగిన రబ్బరు సోల్ అయితే ఒక్క రోజు కూడా వాడకండి, ప్లేటు మీద ఊగుతుంది.

అసలు హార్డ్ బూటుకి వెనక ఆ లివర్ ఉంటుంది. ముందు బూటుని కాస్త నిటారుగా, వెనక బూటుని దానికంటే ఒకటి రెండు మెట్లు ముందుకి వాల్చి మొదలుపెట్టండి.

ఆరుమిల్లీ:

బైండింగుల గురించి. ఇవి స్కీ బైండింగుల్లా పడినప్పుడు ఊడిపోవు, ఊడకూడదు కూడా. ఒక కాలు ఊడి రెండోది ఉండిపోతే మోకాలు మెలిపడుతుంది.

మొదటి సెట్‌కి మామూలు లివర్ రకం చాలు. ఏ హార్డ్ బూటుకైనా సరిపోతుంది, తేలిక, పక్కకి కొద్దిగా వంగుతుంది. స్టెప్-ఇన్ కోసం బూటు మడమ ముక్క మార్చాలి. ఇంటెక్ రకంలో మడమకి రెండువైపులా పిన్నులు ఉంటాయి, కేబుల్ లాగితే లోపలికి వెళ్తాయి. సుఖమే, కానీ మడమ కింద మంచు గట్టిపడితే ఒక పిన్ను కూర్చుని రెండోది కూర్చోదు. చప్పుడు విన్నాం కదా అని వెళ్ళకండి, మడమని ఎత్తి చూడండి. ప్రతిసారీ సోల్ గీకి శుభ్రం చేశాకే ఎక్కాలి. కేబుల్ తెగితే బకిల్స్ విప్పి పాదాన్ని బయటికి లాక్కోవడమే దారి.

మీ బరువుకి ఎఫ్2 లాంటి కాస్త వంగే ప్లేటు బాగుంటుంది. బాంబర్ టీడీ3 అల్యూమినియంతో చేసిన గట్టి సరుకు, బరువు కూడా ఎక్కువ, బరువైన వాళ్ళకి నప్పుతుంది.

నడుము వెడల్పు విషయంలో మాత్రం ‘అంచుమీద’ గారితో పూర్తిగా ఏకీభవించను. 22 అనేది పెద్ద పాదాలకి. 26.5 పాదం వాళ్ళు 22 తీసుకుంటే, బైండింగు కోణం (బోర్డుకి అడ్డంగా కాక పాదం ముక్కు వైపు ఎన్ని డిగ్రీలు తిరిగిందో) 55 పెట్టినప్పుడు బూటు అంచు కంటే బాగా లోపలే ఆగిపోతుంది, ఒక ఎడ్జ్ నుంచి ఇంకో ఎడ్జ్‌కి మారడం బద్ధకంగా ఉంటుంది. 20–20.5 చూడండి.

బిగించే వరుస ఇది. రెండు బైండింగుల మధ్య దూరం 46–48 సెం.మీ., బోర్డు మీద గుర్తు పెట్టిన మధ్యబిందువుకి సరిగ్గా. కోణం ముందు 55, వెనక 52. ముందు పాదం కింద వేళ్ళ వైపు 3 డిగ్రీల మెట్ట (ఆ వైపుని ఎత్తుగా ఉంచే వాలు ముక్క), వెనక పాదం కింద మడమ వైపు 3 డిగ్రీల మెట్ట. అది లేకపోతే వెనక మోకాలు సూటిగా అయిపోయి బరువు తోక మీద పడుతుంది.

తర్వాత తివాచీ మీద పరీక్ష. ఖాళీ బూట్లు బైండింగులో పెట్టి, బోర్డుని ఒక ఎడ్జ్ మీద నిలిపి మెల్లగా 65 డిగ్రీల దాకా వాల్చండి. ఈలోపే బూటు కొస గానీ లివర్ గానీ నేలకి తగిలితే, మంచు మీద సరిగ్గా అక్కడే ఎడ్జ్ లేచిపోయి జారి పడతారు. కోణం 3 డిగ్రీలు పెంచి మళ్ళీ చూడండి. రెండో ఎడ్జ్ కూడా చూడాలి, బూటు ఒకవైపుకి జరిగి ఉంటే ప్లేటు మీద మధ్యకి తేవాలి.

లివర్ బొటనవేలితో గట్టిగా నొక్కితే మూసుకోవాలి. అరచేయి బలమంతా పెట్టాల్సివస్తే ఎక్కువ బిగువు, బూటు అంచుని పట్టే తీగ అరిగి తెగుతుంది. వేలితో తేలిగ్గా పడిపోతే వదులు.

గీతలవేట:

అందరికీ ధన్యవాదాలు. ఆ 185 సెట్ వదిలేశాను. 163 సెం.మీ. ఫైబర్ ఫ్రీకార్వ్ బోర్డు ఒకటి కనిపించింది, రేడియస్ 11 మీటర్లు, నడుము 20. బైండింగులు లేవు, వాడినదే. కొనేముందు ఏం చూడాలి? స్క్రూలు ఎలాంటివి కావాలి?

ఆరుమిల్లీ:

కొలతలు మీకు సరిగ్గా ఉన్నాయి.

ముందు రంధ్రాలు చూడండి. ఇప్పటి బోర్డుల్లో 4×4 సెం.మీ. అమరిక, ఎం6 మర. పాత బోర్డుల్లో వేరే అమరికలు ఉంటాయి, మీ బైండింగు డిస్క్ (బైండింగుని బోర్డుకి బిగించే గుండ్రటి ముక్క) పడదు. ఒక ఎం6 స్క్రూని చేత్తో ప్రతి రంధ్రంలో తిప్పి చూడండి. ఎక్కడైనా ఊరికే తిరుగుతుంటే మర పోయింది. బోర్డుని తిరగేసి రంధ్రాల కింద బేస్ మీద చేయి పెట్టి నిమరండి. బొడిపె తగిలితే ఎవరో పొడుగు స్క్రూ దించారన్నమాట.

స్క్రూ పొడవు బైండింగు మందాన్ని బట్టి, వేసిన మెట్టని బట్టి మారుతుంది. డిస్క్ బోర్డుకి ఆనాక కనీసం ఆరు చుట్లు పట్టాలి, అడుగు మాత్రం తగలకూడదు. మెట్ట వేసినవైపు పొడుగువి, వేయనివైపు పొట్టివి, కలిపేయకండి. డిస్క్ ప్లాస్టిక్‌దైతే మరలకి ద్రవ లాకింగ్ జిగురు వాడొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగులుతాయి. మొదటి రెండు రన్నుల తర్వాత స్క్రూలన్నీ మళ్ళీ బిగించండి, అన్నీ సర్దుకున్నాక కొంచెం వదులవుతాయి.

అంచుమీద:

ఇంకో రెండు మూడు చూడండి. బోర్డుని చదునైన నేల మీద పెడితే మధ్యలో గాలి కనిపించాలి, అదే క్యాంబర్. నేలకి అతుక్కుపోయి ఉంటే ప్రాణం పోయింది. ముక్కు వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే మెలిక ఉందో లేదో తెలుస్తుంది. బైండింగుల ముందు పైపొర మీద అడ్డంగా పగులు ఉంటే వదిలేయండి. ఎడ్జ్ ఇనుము మందం అంతటా చూడండి. పాదాల కింద సన్నబడి ఉంటే ఇంకెన్నోసార్లు పదును పెట్టలేరు.

చాలా పాత బోర్డయితే రెండు సైడ్‌కట్‌లూ ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి వెనక్కి జరిగి ఉందా చూడండి. 1990ల మొదట్లో అలా అసమానంగా చేసేవారు. అవి ఎడమ కాలు వాళ్ళవి వేరు, కుడి కాలు వాళ్ళవి వేరు.

పదును: బేస్ వైపు 0.5 నుంచి 1 డిగ్రీ, పక్కవైపు 2 డిగ్రీలు. ముక్కు, తోక చివరలు మంచుని తాకని భాగంలో మాత్రమే మొద్దు చేయండి.

షెల్‌ఫిట్:

బూట్లు కూడా పాతవి దొరికితే ప్లాస్టిక్ వయసు అడగండి. పదిహేనేళ్ళు దాటిన షెల్, బయటికి ఎంత మెరుస్తున్నా, చలిలో ఒక్కసారిగా ముక్కలవ్వొచ్చు. లైనర్ తీసి లోపల చీలమండ పైన, బకిల్ రివెట్ల చుట్టూ టార్చి వేసి చూడండి. సన్నని వెంట్రుక లాంటి గీత కనిపించినా కొనకండి.