మాల్టా ఫెస్టాల్లో పగటి బాంబులు ఆపాలా, వద్దా?

నైట్‌డ్యూటీ_నర్స్:
మాల్టాలో ఉండేవాళ్ళందరినీ ఒక మాట అడగాలనుంది. ఇక్కడ ఎండలు ముదిరాయంటే సెప్టెంబరు దాకా వారం వారం ఏదో ఒక ఊళ్ళో ఫెస్టా, అంటే ఆ ఊరి చర్చి సెయింట్ పండుగ. విగ్రహాన్ని భుజాల మీద మోస్తూ ఊరేగించడం, బ్యాండ్ మేళం, బాల్కనీల నుంచి కుమ్మరించే కాగితం ముక్కలు, వీధంతా కట్టే పట్టు జెండాలు, నూగట్ అమ్మే బండ్లు, ఇవన్నీ నాకు చాలా ఇష్టం, చిన్నప్పుడు తిరునాళ్ళకి వెళ్ళినంత ఉత్సాహంగా వెళ్తాను. నా బాధ పగలు కాల్చే మూర్తాలి, అంటే చప్పుడు బాంబుల గురించి. రంగు లేదు, వెలుగు లేదు, ఎండలో పైన ఓ తెల్లటి పొగ ముద్ద, కింద కిటికీ అద్దాలు అదిరే శబ్దం, అంతే. పొద్దున ఎనిమిదికి మొదలు, మళ్ళీ మధ్యాహ్నం, మళ్ళీ సాయంత్రం, ఫెస్టా వారమంతా ఇదే. నేను రాత్రంతా కేర్ హోమ్‌లో పనిచేసి ఎనిమిదికి పడుకునే మనిషిని. నా ఒక్కదాని నిద్ర సంగతి పక్కన పెట్టండి, అక్కడ మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళు ఒక్కో పేలుడికి ఎలా ఉలిక్కిపడతారో చూస్తే ఎవరూ దీన్ని సంప్రదాయం అని సమర్థించరు. రాత్రి రంగుల బాణసంచా ఉండనివ్వండి, పగటి బాంబులు మాత్రం ఆపాలి అంటాను.

విక్టోరియా_వాసి:
అమ్మా, మీ కష్టం అర్థమైంది కానీ "శబ్దం, అంతే" అన్నారు చూడండి, అక్కడే నేను ఒప్పుకోను. నేను గోజోలో, అంటే మాల్టా దేశంలోని రెండో దీవిలో ఉంటాను. ఇక్కడ బాణసంచా తయారుచేసేవాళ్ళు జీతం తీసుకునే కూలీలు కాదు, పొద్దంతా తాపీ పనో, ఎలక్ట్రికల్ పనో చేసుకుని సాయంత్రం వెళ్ళి ఊరి కోసం ఊరికే పనిచేసే మనుషులు. లైసెన్సు ఉన్నవాళ్ళు. వాళ్ళకది మొక్కుబడి. పొద్దున ఎనిమిదింటికి ఆ పేలుడు వింటేనే ఊళ్ళో ముసలమ్మకి "పండుగొచ్చింది" అని తెలిసేది. నైట్స్ అనే క్రైస్తవ యోధులు మాల్టాని ఏలిన రోజుల నుంచీ పండుగంటే తుపాకి మందు చప్పుడు ఉండనే ఉంది. 2023లో యునెస్కో మాల్టా ఊరి ఫెస్టాని తన వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఇందులోంచి ఒక్కో ముక్కా కోసుకుంటూ పోతే చివరికి టూరిస్టులకి చూపించే ఊరేగింపు ఒక్కటే మిగులుతుంది.

ఇంకో సంగతి. ఫెస్టాలు జరిపే బ్యాండ్ క్లబ్బుల మధ్య పోటీ తత్వాన్ని తిట్టేవాళ్ళు మా ఊరు విక్టోరియా మెయిన్ రోడ్డు మీదికి ఒకసారి రండి. లా స్టెల్లా, లియోనె అని రెండు బ్యాండ్ క్లబ్బులు, ఒకటి సెయింట్ జార్జ్‌ది, ఇంకోటి కేథడ్రల్ సాంతా మరియాది, అంటే మేరీ మాతది. ఒకరిని మించి ఒకరు చేయాలన్న పంతంతోనే ఒకే వీధిలో రెండు ఒపెరా థియేటర్లు కట్టారు, ఆస్త్రా, అరోరా. ఇంత చిన్న ఊళ్ళో అక్టోబరు వస్తే ఇద్దరూ ఒపెరా వేస్తారు. పంతం పోతే ఇదీ పోతుంది.

స్లీమా_స్టూడెంట్:
నాకు రెండు వైపులా సబబుగానే అనిపిస్తోంది కానీ అసలు మనం మాట్లాడొచ్చా అని డౌటు. చదువుకనో ఉద్యోగానికనో వచ్చి రేపో మాపో వెళ్ళిపోయేవాళ్ళం, వాళ్ళ పండుగ ఎలా చేసుకోవాలో చెప్పే హక్కు మనకెక్కడిది?

నైట్‌డ్యూటీ_నర్స్:
తమ్ముడూ, 2021 జనాభా లెక్కల్లో ఇక్కడ ఐదుగురిలో ఒకరికి పైగా విదేశీయులే. ఈ ఊరివాళ్ళ అమ్మానాన్నలకి స్నానం చేయించేది, అన్నం తినిపించేది, రాత్రుళ్ళు మేల్కొని కూర్చునేది మనమే అయినప్పుడు, వాళ్ళ గురించే ఒక మాట చెప్తే తప్పెలా అవుతుంది? పైగా మాల్టా వాళ్ళే బోలెడంత మంది దీని మీద మొత్తుకుంటున్నారు, కుక్కలు పెంచుకునేవాళ్ళనీ పసిపిల్లల తల్లుల్నీ అడగండి.

విక్టోరియా వాసి గారూ, పంతం ఒపెరా కట్టించింది, నిజమే, కాదనను. అదే పంతం మందుగుండు దగ్గరికొస్తే ఏం చేస్తుందో కూడా చెప్పాలి కదండీ. మీ గోజోలోనే ఆర్బ్‌లో 2010 సెప్టెంబరులో బాణసంచా ఫ్యాక్టరీ పేలి ఆరుగురు పోయారు. ఆ తర్వాత కూడా ఇలాంటివి జరిగాయి. మన దగ్గర 2016 ఏప్రిల్‌లో కొల్లం దగ్గర పుట్టింగల్ గుడిలో పోటీ పడి కాలిస్తే వంద మందికి పైగా చనిపోయారు. వాళ్ళదీ భక్తే.

రబాత్_రమ్య:
శబ్దం గురించే మాట్లాడుతున్నారు, దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. మాల్టా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఇళ్ళల్లోని దుమ్ము పరీక్షిస్తే పెర్‌క్లోరేట్ దొరికింది, బాణసంచాలో వాడే రసాయనం అది. థైరాయిడ్‌కి అయోడిన్ అందకుండా అడ్డుపడుతుంది. ఈ దీవిలో వేసవిలో చినుకు పడదు, ఎక్కడి దుమ్ము అక్కడే. మొత్తం దేశం 316 చదరపు కిలోమీటర్లు, ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఖాళీయే ఉండదు, పక్క ఊరి ఫెస్టా కూడా మన ఇంట్లో జరిగినట్టే ఉంటుంది. ఒక ఊరికి ఏడాదికి ఒక వారమే కదా అనేవాళ్ళు ఈ లెక్క కూడా చూసుకోవాలి.

విక్టోరియా_వాసి:
ఆర్బ్ సంగతి నాకెవరూ గుర్తు చేయక్కర్లేదమ్మా. ఇక్కడ ప్రతి ఒక్కరికీ ఆ పోయినవాళ్ళతో ఏదో ఒక పరిచయం ఉంటుంది. కానీ ఆ ప్రమాదాలు పగటి బాంబుల వల్లే అని మీరెలా అంటారు? రంగుల బాణసంచాకీ అదే మందుగుండు, అదే ఫ్యాక్టరీ. ప్రమాదం పేరు చెప్పి పగటివి ఆపితే రేపు అదే కారణంతో రాత్రివి కూడా ఆపమంటారు. సాంతా మరియా పండుగ సంగతే తీసుకోండి. 1942 ఆగస్టులో యుద్ధం మధ్య తిండి, ఇంధనం అయిపోయి దీవి లొంగిపోయే స్థితిలో ఉంటే, సరిగ్గా పండుగ రోజు, 15న, ఒహాయో అనే ఆయిల్ ట్యాంకర్ మునిగిపోయే స్థితిలో గ్రాండ్ హార్బర్ చేరింది. ఆ ట్యాంకర్ ఉన్న ఓడల వరసని, అంటే ఆ కాన్వాయ్‌ని ఈ జనం నేటికీ సాంతా మరియా కాన్వాయ్ అనే పిలుస్తారు. అలాంటి పండుగని గుట్టుచప్పుడు కాకుండా చేసుకోమంటే వాళ్ళు వింటారా?

నైట్‌డ్యూటీ_నర్స్:
గుట్టుచప్పుడు కాకుండా చేసుకోమని నేను ఎక్కడన్నానండీ? బ్యాండు ఉంది, గంటలున్నాయి, రాత్రి ఆకాశమంతా వాళ్ళదే. వాళ్ళ పనితనం నిజంగా చూడాలంటే జిజ్జిఫోగు చూడాలి, నేల మీద స్తంభాలకి బిగించి చక్రం లోపల చక్రం తిరుగుతూ రంగులు మారే బాణసంచా. 2011లో ముకబ్బా ఊరివాళ్ళు 32 మీటర్ల వ్యాసం ఉన్న చక్రాన్ని తిప్పి గిన్నిస్ రికార్డు కొట్టారు. అది చూస్తే ఎవరికైనా చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అంత చెయ్యి తిరిగిన మనుషులు ఉత్త చప్పుడు మీద అంత మందు, అంత డబ్బు, అంత ప్రాణభయం ఎందుకు ఖర్చు పెట్టాలి అన్నదే నా ప్రశ్న. మన దగ్గర 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకానే కాల్చమంది. పాటించినవాళ్ళున్నారు, పాటించనివాళ్ళూ ఉన్నారు, కానీ పాటించిన ఇంట్లో దీపావళి ఏమీ తగ్గలేదు.

కోర్టులూ చట్టాలూ కూడా అక్కర్లేదు. ఊరి క్లబ్బే కూర్చుని, ఆసుపత్రులూ కేర్ హోములూ ఉన్న వైపు పగలు కాల్చం, వారమంతా కాకుండా ఫెస్టా ముందురోజూ ఆ రోజూ మాత్రమే కాలుస్తాం అనుకుంటే చాలు. టైములు ముందే వీధిలో అంటిస్తే మేము పెద్దవాళ్ళని లోపలి గదుల్లోకి మార్చుకుంటాం.

స్లీమా_స్టూడెంట్:
ఇది జరిగే పనిలానే ఉంది అక్కా. ఇంగ్లిషులో రాసి మీ ఊరి క్లబ్బు వాళ్ళకి ఇవ్వండి, కావాలంటే నేను టైప్ చేసిపెడతాను.

విక్టోరియా_వాసి:
కేర్ హోములు ఉన్న వైపు వద్దన్నది న్యాయం, దానికి నేనూ సంతకం పెడతాను. టైములు అంటించడం కూడా సరే. వారమంతా తీసేసి రెండు రోజులకి కుదించమంటే మాత్రం ఇక్కడ ఏ క్లబ్బూ ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఆ ఒక్క ముక్క కాగితంలో పెట్టకుండా పంపండి, మిగతా వాటి మీదైనా మాట్లాడతారు.

నైట్‌డ్యూటీ_నర్స్:
ఆ ముక్క తీయనండీ. ఒప్పుకోకపోతే వాళ్ళే కొట్టేస్తారు, నేను ముందే కొట్టేసి ఇవ్వను.