ఆడిట్ అయ్యాక కూడా ఓచర్లు చూపించాలా?

రెండో అంతస్తు (హైదరాబాద్)
మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయింది. మొన్న జనరల్ బాడీ మీటింగ్‌లో జమాఖర్చుల కాగితం ఒకటి పంచారు. అందులో "రిపేర్లు, మెయింటెనెన్స్: 4,12,000" అని ఒక్కటే లైను. ఆ ఖర్చుల బిల్లులు, రసీదులు, అదే ఓచర్లు, ఒకసారి చూస్తానన్నాను. "సీఏ గారు సంతకం పెట్టాక మీరు చూసేదేంటి? మమ్మల్ని దొంగలంటున్నారా?" అని ట్రెజరర్ గారు లేచి వెళ్లిపోయారు. ఇంతకీ నేను అడిగింది తప్పా?

మూడుసార్లు సెక్రటరీ
తప్పు కాదు గానీ, అవతలివైపు కూడా చూడండి. మేం జీతగాళ్లం కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు నేను అన్నం ముందు కూర్చున్నప్పుడు ఒకాయన వచ్చి మూడేళ్ల ట్యాంకర్ బిల్లులు కావాలన్నాడు. సరేనని ఫైలిచ్చాను. ఫోన్‌తో ఫొటోలు తీసుకుని తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. ఆ ఓచర్లలో మా వాచ్‌మన్ జీతం, వేలిముద్ర, ఆధార్ నంబరు అన్నీ ఉన్నాయి. పాపం అతనికేం తెలుసు? ఆ రోజే నిర్ణయించుకున్నాను, ఆడిట్ రిపోర్టు తప్ప ఎవరికీ ఇంకేదీ ఇచ్చేది లేదని. నమ్మకం లేకపోతే వచ్చే ఎన్నికల్లో వాళ్లే నిలబడి ఆ బీరువా తాళాలు తీసుకోవచ్చు.

కాగితాల పురుగు
సెక్రటరీ గారూ, వాచ్‌మన్ విషయంలో మీ బాధ న్యాయమే. ఆధార్ నంబరు కొట్టేసి చూపిస్తే సరిపోయేది. అంతమాత్రాన ఫైలు మూసేస్తారా?

మీరు చెప్పిన సొసైటీల చట్టం, అంటే 2001 నాటి 35వ చట్టం, ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. దాని ప్రకారం రిజిస్టరైన సొసైటీకి తనదంటూ ఒక చట్టపరమైన ఉనికి ఉంటుంది. లెక్కల పుస్తకాలు దాని ఆస్తి. అవి ట్రెజరర్ గారి ఇంటివి కావు, కమిటీవి కూడా కావు.

ఇక ఆడిట్ సంగతి. ఖర్చుకు ఓచరుందా, కూడికలు సరిపోయాయా అన్నది సీఏ చూస్తారు, అదీ చాలాసార్లు కొన్ని కాగితాలు ఏరి చూడటమే. ఆ పని నిజంగా జరిగిందా లేదా అన్నది మెట్లెక్కి దిగే మనకు తెలుస్తుంది. మా దగ్గర ఒకే నెలలో బోరు మోటారు రీవైండింగ్‌కి రెండు బిల్లులు వచ్చాయి. సీఏకి రెండూ సక్రమమే. ఆ నెలంతా నీళ్లు ఆగలేదు కదా అని మాకే అనుమానం వచ్చింది. ఓచర్లు తీసి చూస్తే రెండోది బి బ్లాక్ సంపు మోటారుది! ట్రెజరర్ తప్పేమీ లేదు. కాగితం చూపించబట్టి ఆయన పరువు నిలబడింది, లేకపోతే ఇప్పటికీ చెవులు కొరుక్కునేవాళ్లు.

గేటు దగ్గర
ఇన్ని మాటలెందుకు, సమాచార హక్కు కింద ఆర్‌టీఐ వేసి పడేయండి.

కాగితాల పురుగు
పనిచేయదు. ప్రభుత్వ యాజమాన్యం, నియంత్రణ, చెప్పుకోదగ్గ నిధులు లేని సహకార సంఘం ఆర్‌టీఐ కిందికి రాదని 2013లో తలప్పాళం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అపార్ట్‌మెంట్ సంఘానికీ అదే తర్కం వర్తిస్తుంది. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికేవి అక్కడ దాఖలైన బైలాస్ (సంఘం నియమావళి), ఏటా ఇచ్చే కమిటీ జాబితా లాంటివి. ఓచర్లు అక్కడుండవు, మీ తగవు తీర్చడం రిజిస్ట్రార్ పనీ కాదు. సొసైటీల చట్టం 23వ సెక్షన్ ప్రకారం సభ్యుడు ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి దగ్గరకి) వెళ్లాలి, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేసుకోవాలి. ఒక రిపేరు బిల్లు చూడటానికి కోర్టా అని మీకే అనిపిస్తుంది. అందుకే ముందు బైలాస్ తీసి రికార్డుల గురించి ఏం రాసుందో చదవండి. మనవాళ్లలో చాలామంది రిజిస్ట్రేషన్ రోజున సంతకం పెట్టి మళ్లీ దాని మొహం చూడరు.

కృష్ణలంక
చూపించడం సరే, ముందు చూపించడానికి మిగలాలిగా. మా జనరేటర్ డీజిల్ రసీదులు ఫైల్లోంచి తీస్తే తెల్లకాగితాలు! బంకులో ఇచ్చేది థర్మల్ పేపరు, రెండు ఎండాకాలాలకు అక్షరం మిగలదు. ఇప్పుడు బిల్లు రాగానే జిరాక్స్ తీసి రెండూ కలిపి పిన్ను కొడుతున్నాం. అయినా ఎన్నేళ్లని దాచాలి?

కాగితాల పురుగు
నెలకు సభ్యుడి దగ్గర 7,500 దాటి వసూలు చేస్తూ, సంఘం ఏడాది వసూళ్లు మొత్తం 20 లక్షలు కూడా దాటితే జీఎస్టీ పడుతుంది. అప్పుడు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాల్సిందే. అది లేకపోయినా ఓ ఎనిమిదేళ్లు ఉంచండి అంటాను. మినిట్స్ పుస్తకం, సభ్యుల రిజిస్టరు మాత్రం ఎప్పటికీ పారేయొద్దు. కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) ఎవరు కట్టారో, పార్కింగ్ ఎవరికిచ్చారో పదిహేనేళ్లకు గొడవొస్తే మాట్లాడేవి అవే.

మూడుసార్లు సెక్రటరీ
మోటారు కథ బాగుంది, ఒప్పుకుంటున్నా. నెలకో ఆదివారం పది నుంచి పన్నెండు దాకా, ఆఫీసు గదిలోనే, పుస్తకంలో సంతకం పెట్టి చూసుకోమనండి. నాకు అభ్యంతరం లేదు. ఫోన్ మాత్రం బయట పెట్టాలి.

గేటు దగ్గర
ఫొటో తీసుకోకుండా 4 లక్షల బిల్లులు ఎలా గుర్తుపెట్టుకుంటారండీ? ఇది చూపించినట్టా, చూపించనట్టా?

మూడుసార్లు సెక్రటరీ
పెన్నూ కాగితం తెచ్చుకోండి. మా నాన్నగారు కరణం లెక్కలన్నీ అలాగే చూశారు.

రెండో అంతస్తు (హైదరాబాద్)
అందరికీ థ్యాంక్స్. బైలాస్ తెప్పించుకుని చదివాను. సభ్యుడు ముందుగా రాసిస్తే రికార్డులు చూడొచ్చని మాదాంట్లో స్పష్టంగా ఉంది. ఆ పేరా జిరాక్స్ జత చేసి ఉత్తరం ఇచ్చాను, కమిటీ కూడా ఒప్పుకుంది. ఆదివారం వెళ్తే బీరువాకి తాళం. తాళంచెవి పాత ట్రెజరర్ గారి దగ్గరే ఉండిపోయిందట. ఆయన డాలస్‌లో కొడుకు దగ్గరున్నారు, సంక్రాంతికి వస్తారని చెప్పారు.