కుషాదసి నుంచి ఒక్క రోజు టూర్: ఎఫెసస్ వైపు వెళ్లాలా, డిడిమా వైపు వెళ్లాలా?

ఒక్కరోజు_యాత్ర:

అందరికీ నమస్కారం. సెప్టెంబర్ చివర్లో టర్కీ వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ. ఇస్తాంబుల్, కప్పడోకియా ప్లాన్ అయిపోయింది, ఎటూ తేలనిది ఏజియన్ తీరం ఒక్కటే. కుషాదసిలో రెండు రాత్రులు ఉంటాం గానీ చేతిలో ఉండే పూర్తి రోజు ఒక్కటే, మర్నాడు తెల్లారగానే ఇజ్మీర్ ఎయిర్‌పోర్ట్‌కి పరుగెత్తాలి.

హోటల్ వాళ్లు రెండు టూర్లు చూపించారు. మొదటిది ఎఫెసస్ (పాత రోమన్ నగర శిథిలాలు), మేరీమాత ఇల్లు, గ్రీకు దేవత ఆర్టెమిస్ గుడి, షిరింజె ఊరు, మధ్యలో భోజనం, ఇంకా "చేతిపనుల ప్రదర్శన" అని ఏదో. రెండోది ప్రియీన్, మిలేటస్, డిడిమా అనే పాత గ్రీకు శిథిలాలు, మూడూ ఒకే రోజులో. మొదటిది అందరూ వెళ్లేదే, రెండోదాని ఫోటోలు చూస్తే మనసు అటు లాగుతోంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నడుస్తుంది కానీ మెట్లంటే భయం. పైగా గుడ్డు కూడా ముట్టదు. గైడ్ నిజంగా అవసరమా, లేక టాక్సీ మాట్లాడుకుని మనమే తిరిగేయొచ్చా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

మెల్లగా_నడిచేవాడు:

మొదటిసారి వెళ్తున్నారు, ఒక్కటే రోజు, పక్కన అమ్మగారు. ఇంక ఆలోచించకండి, ఎఫెసస్‌కే వెళ్లండి. కుషాదసి నుంచి ఇరవై కిలోమీటర్లు కూడా పట్టుమని ఉండదు, రెండో టూర్‌లో డిడిమా వరకు వెళ్లి రావడానికే సగం రోజు బస్సులో పోతుంది.

బుక్ చేసేముందు ఒక్క ప్రశ్న అడగండి: బస్సు మమ్మల్ని ఏ గేటు దగ్గర దింపి, ఏ గేటు దగ్గర ఎక్కించుకుంటుంది? ఎఫెసస్‌కి రెండు గేట్లు, ఒకటి కొండ వైపు పైన, ఇంకోటి కింద. పైన దింపి కింద ఎక్కించుకుంటే దారంతా వాలే, అమ్మగారు మెల్లగా దిగుతూ వచ్చేయొచ్చు. సొంతంగా టాక్సీలో వెళ్లి కింద గేటు నుంచి మొదలుపెడితే ముందు ఎక్కాలి, మళ్లీ అదే దారిన దిగాలి. ఇంకో సంగతి, వీధంతా పాలరాయి. రెండు వేల ఏళ్ల అడుగులకి అద్దంలా నునుపెక్కిపోయింది, ఎండ పడితే కళ్లు జిగేల్మంటాయి, నాలుగు చినుకులు పడితే కాలు నిలవదు. రబ్బరు అడుగున్న బూట్లు తప్పనిసరి. నీడ దాదాపు ఉండదు కాబట్టి సెప్టెంబర్ అయినా టోపీ, నీళ్లు మర్చిపోకండి.

ఆ పాలరాతి వీధి (పేరు కురేటీస్) దిగుతూ వస్తుంటే ఎదురుగా సెల్సస్ గ్రంథాలయం ముఖభాగం లేస్తుంది చూడండి, ఆ ఒక్క దృశ్యం కోసం వెళ్లొచ్చు. రోమన్ గవర్నర్ సెల్సస్ జ్ఞాపకార్థం ఆయన కొడుకు కట్టించాడు, ఆయన సమాధి కూడా ఆ భవనం కిందే ఉంది. ఇప్పుడు మనకి కనిపించేది 1970ల్లో ఆస్ట్రియా పురావస్తు శాస్త్రవేత్తలు పడిపోయిన ముక్కల్ని ఏరి మళ్లీ నిలబెట్టింది. మధ్యలో స్తంభాలు పెద్దవి, చివర్లో ఉన్నవి కొంచెం చిన్నవి, అందుకే అసలు కంటే వెడల్పుగా అనిపిస్తుంది. ఇది మా గైడ్ చూపిస్తేనే నా కంటికి ఆనింది, కాబట్టి గైడ్ అవసరమా అన్నదానికి నా సమాధానం అవసరమే.

ఇక ఆ "చేతిపనుల ప్రదర్శన". అది ప్రదర్శన కాదు, దుకాణం. మమ్మల్ని తీసుకెళ్లిన కంపెనీ పేరు చెప్పను గానీ, తోలు జాకెట్ల షోరూమ్‌లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మోడల్స్‌తో ర్యాంప్ వాక్ కూడా చేయించి, ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో సేల్స్‌మన్‌ని తగిలించారు. గంట పైనే పోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి ఆర్టెమిస్ గుడి దగ్గర ఫోటో తీసుకుని పదండి పదండి అన్నారు! ఏడు ప్రపంచ వింతల్లో ఒకటిగా లెక్కపెట్టిన చోటు అండి అది. మిగిలింది ముక్కలు పేర్చి నిలబెట్టిన ఒక్క స్తంభమే, నిజమే, దాని నెత్తిన కొంగల గూడు. కానీ చిత్తడి నేలలో ఆ ఒంటరి స్తంభం, దాని వెనక ఈసా బే మసీదు, ఇంకా పైన అయాసులుక్ కోట, మూడూ ఒకే చూపులో పడతాయి. కాసేపు నిలబడనివ్వాలి కదా.

రాళ్లపిచ్చి:

పైన చెప్పినవన్నీ నిజమే, అయినా నేను రెండో టూర్ వైపే. ఎఫెసస్‌లో మీరు చూసేది ముందుగా జనాన్ని, తర్వాత రాళ్లని. కుషాదసి రేవులో రెండు మూడు క్రూయిజ్ ఓడలు ఒకేసారి ఆగిన రోజైతే పొద్దున తొమ్మిదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా ఆ వీధిలో భుజం భుజం రాసుకుంటూ నడవాలి.

ప్రియీన్, మిలేటస్ చూస్తే ఈ తీరం కథ మొత్తం అర్థమవుతుంది. ఇవన్నీ ఒకప్పుడు రేవు పట్టణాలు, ఇప్పుడు ఏ ఒక్కదాని పక్కనా సముద్రం లేదు. బుయుక్ మెండెరెస్ నది వేల ఏళ్లుగా ఒండ్రు మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టేసింది. మిలేటస్‌కి ఒకప్పుడు నాలుగు రేవులుండేవి. ఇప్పుడు అక్కడి పాతకాలపు రాతి థియేటర్ పైవరసలో కూర్చుంటే ఎదురుగా కనిపించేది పొలాలు. క్రీ.పూ. 494లో పర్షియన్లకీ అయోనియన్లకీ (ఈ తీరపు గ్రీకులు) నౌకాయుద్ధం జరిగింది లాడే ద్వీపం దగ్గర. ఆ ద్వీపం ఇప్పుడు మైదానం మధ్యలో ఒక చిన్న గుట్ట! గైడ్ వేలు పెట్టి "అదిగో అదే" అన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గ్రీకు తత్వవేత్త థేలీస్ ఊరు కూడా ఇదే. థియేటర్ చూసి వెనక్కి తిరగకండి, శిథిలాల మధ్యలోనే 1404లో కట్టిన ఇల్యాస్ బే మసీదు ఉంది, చిన్నది, గుమ్మం చుట్టూ చెక్కిన పాలరాయి పని దగ్గరికెళ్లి చూడాలి. చాలా గ్రూపులు దాన్ని పట్టించుకోకుండానే వెళ్లిపోతాయి.

డిడిమా అయితే ఇంక చెప్పక్కర్లేదు. అపోలో గుడి, 120కి పైగా స్తంభాలు అనుకుని మొదలుపెట్టి, వందల ఏళ్లు కట్టి, చివరికి పూర్తి చేయలేకపోయారు. మూడు మాత్రం పూర్తి ఎత్తులో నిలబడి ఉన్నాయి, దాదాపు 20 మీటర్లు. ఒకటి ఎప్పుడో పడిపోయి, కత్తితో తరిగిన అరటికాయ చక్రాల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి అలాగే ఉంది. లోపలి ఆవరణలోకి పెద్ద గుమ్మం గుండా వెళ్లలేరు, దాని గడప మనిషి ఛాతీ ఎత్తుంటుంది, పక్కన ఉన్న రెండు సన్నటి సొరంగాల్లోంచి దిగాలి. ఏటవాలుగా, చీకటిగా, చల్లగా ఉంటుంది, చివర్లో ఒక్కసారిగా ఆకాశం తెరుచుకుంటుంది, ఎందుకంటే ఆ గుడికి లోపల కప్పే లేదు. ఆ లోపలి గోడల మీదే ఆనాటి శిల్పులు గీసుకున్న కొలతల గీతలు 1979 తర్వాత బయటపడ్డాయి, వెంట్రుకంత సన్నవి, ఎండ పక్కవాటుగా పడితే తప్ప కనపడవు. గైడ్ లేకుండా వాటిని పట్టుకోవడం మన వల్ల కాదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను, అమ్మగారికి ప్రియీన్ కష్టం. కొండ వాలు మీద ఊరు, కార్ పార్కింగ్ నుంచి పైకి ఎక్కాలి, రాళ్లు ఎత్తుపల్లాలు.

డోల్ముష్_ప్రయాణికుడు:

రాళ్లపిచ్చి గారు ఊరించేసి ఆఖర్లో అసలు విషయం చెప్పారు :) ప్రియీన్ ఎక్కించకుండా రెండో టూర్ చేయాలంటే ప్రైవేట్ కారే గతి, అప్పుడు ధర ఎక్కడికో పోతుంది. అయినా సముద్రం వెనక్కెళ్లిన కథ కోసం డిడిమా దాకా పోనక్కర్లేదు. ఎఫెసస్‌ది కూడా అదే కథ, అక్కడ నది పేరు కుచుక్ మెండెరెస్, అంతే. థియేటర్ ముందు నుంచి తిన్నగా ఒక వెడల్పాటి రాజవీధి పోతుంది, ఒకప్పుడు రేవు దాకా. ఇప్పుడు దాని చివర రెల్లు, బురద, సముద్రం ఇంకో ఐదారు కిలోమీటర్ల అవతల. చాలామంది ఆ వీధిని చూడకుండానే బస్సెక్కేస్తారు.

సొంతంగా వెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు. కుషాదసి నుంచి ఎఫెసస్ పక్క ఊరు సెల్చుక్‌కి డోల్ముష్ అని చిన్న వ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, సెల్చుక్ నుంచి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న షిరింజెకి కూడా ఉన్నాయి. నా ఒక్కడికైతే అదే హాయి. కానీ ముగ్గురు, అందులో ఒకరికి మోకాళ్ల నొప్పులు, మర్నాడు ఫ్లైట్ అంటే ఆ టెన్షన్ మీకొద్దు.

నేనైతే దుకాణాలు లేని చిన్న గ్రూప్ టూర్ తీసుకుంటాను, లేదా ముగ్గురికే ఒక గైడ్, ఒక కారు. టర్కీలో గైడ్‌కి లైసెన్స్ ఉండాలని చట్టం (2012లో వచ్చింది), మెడలో ఫోటో ఉన్న కార్డు వేలాడుతుంటుంది, అది లేనివాడు సైట్ లోపల వివరించడానికి వీల్లేదు. ట్రావెల్ కంపెనీ అయితే తుర్సాబ్ (అక్కడి ట్రావెల్ ఏజెన్సీల సంఘం) నంబర్ అడగండి, అసలు కంపెనీ అయితే వెంటనే చెప్తారు. టికెట్లు టూర్ ధరలో ఉన్నాయా అన్నది వాట్సాప్‌లో రాయించుకోండి, విదేశీయులకి రేటు యూరోల్లో ఉంటుంది, బాగా ఎక్కువ. టెర్రస్ హౌసెస్‌కి వేరే టికెట్, మామూలుగా టూర్‌లో కలపరు. డబ్బున్న రోమన్ల ఇళ్లు అవి, మొజాయిక్ నేలలు, రంగు చెదరని గోడ బొమ్మలు, మొత్తం మీద కప్పు వేసి కాపాడుతున్నారు. అద్భుతంగా ఉంటాయి గానీ లోపలంతా మెట్లు ఎక్కుతూ పోవాలి. మీలో ఒకరు అమ్మగారితో కింద నీడలో కూర్చుంటే ఇంకొకరు వెళ్లొచ్చు.

ఒక్కరోజు_యాత్ర:

అందరికీ చాలా థాంక్స్. డిడిమా సొరంగాల సంగతి చదివాక కాసేపు ఊగిసలాడాను, కానీ అమ్మ కోసం ఎఫెసస్‌కే ఫిక్స్ అయ్యాం. ఒక చిన్న కంపెనీ షాపింగ్ లేకుండా తీసుకెళ్తాం అంది, లైసెన్స్ నంబర్ కూడా ఇచ్చింది. అన్నీ కుక్కితే పరుగే కాబట్టి ఒకటి తీసేద్దాం అనుకుంటున్నా. మేరీమాత ఇల్లు తీసేయాలా, షిరింజె తీసేయాలా? భోజనం సంగతి ఎవరూ చెప్పలేదు.

మెల్లగా_నడిచేవాడు:

మీకు భక్తి కారణం ఉంటే మేరీమాత ఇల్లు ఉంచండి. కొండ మీద చెట్ల మధ్య చిన్న రాతి గది, 1967లో ఆరో పాల్, 1979లో రెండో జాన్ పాల్ పోప్‌లు వచ్చి వెళ్లారు, ముస్లింలు కూడా వచ్చి దండం పెట్టుకుంటారు. బయట గోడ నిండా మొక్కుల కాగితాలు, గుడ్డపీలికలు కట్టి ఉంటాయి. ఆ కారణం లేకపోతే మాత్రం లైన్లో నిలబడి రెండు నిమిషాల్లో బయటికి రావడమే, పైగా దానికి వేరే టికెట్.

షిరింజె నా ఓటు. 1923లో గ్రీస్, టర్కీ జనాభా మార్పిడి ఒప్పందం దాకా అక్కడ ఉన్నది గ్రీకు ఆర్థడాక్స్ జనం, వాళ్లు వెళ్లిపోయాక గ్రీస్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఆ ఇళ్లలోనే దిగాయి. తెల్ల గోడలు, చెక్క కిటికీల ఇళ్లు, పాత చర్చి, ప్రతి కొట్లో దానిమ్మ వైన్, మల్బరీ వైన్ రుచి చూడమని పిలుపులు. శని ఆదివారాలైతే వద్దు, ఇజ్మీర్ జనం అంతా అక్కడే ఉంటారు. రాళ్లు పరిచిన ఎత్తు సందులు కాబట్టి అమ్మగారిని కింద టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టి మీరు పైకి వెళ్లి రండి.

డోల్ముష్_ప్రయాణికుడు:

భోజనం నేను చెప్తా. టూర్ బఫే కంటే షిరింజెలో గొజ్లెమె తినండి, పల్చటి రొట్టెలో పాలకూరో బంగాళదుంపో పెట్టి పెనం మీద మన కళ్ల ముందే కాలుస్తారు. పిండిలో గుడ్డు లేదు కదా అని ఒకసారి అడిగి, పెనం ముందే తుడవమనండి. ఆలివ్ నూనెలో వండి చల్లగా వడ్డించే కూరగాయల వంటకాలు ఈ తీరం అంతటా దొరుకుతాయి, చిక్కుళ్లు, వంకాయ, ఆర్టిచోక్, పెరుగుతో కలిపి తింటే అమ్మగారికి నచ్చుతుంది. పప్పు సూప్ చాలాచోట్ల శాకాహారమే కానీ కొందరు మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు, కనుక్కోండి. మాంసం వద్దంటే చికెన్ తెచ్చి పెట్టిన సందర్భాలున్నాయి, కాబట్టి చికెన్ వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు అని విడివిడిగా గైడ్ చేత ముందురోజే చెప్పించండి.

హోటల్ రిసెప్షన్‌లో ఆ రోజు రేవుకి ఎన్ని ఓడలు వస్తున్నాయో కూడా అడగండి. ఎక్కువుంటే ఎనిమిదింటికల్లా పై గేటు దగ్గర ఉండేలా గైడ్‌తో మాట్లాడుకోండి, సెల్చుక్ మ్యూజియం మధ్యాహ్నానికి పెట్టుకోవచ్చు, ఆర్టెమిస్ విగ్రహాలు అక్కడే ఉన్నాయి, ఏసీ కూడా.

రాళ్లపిచ్చి:

సరే, ఎఫెసస్‌కే వెళ్లండి, ఏం చేస్తాం :) రేవు వీధి చివర దాకా మాత్రం నడవండి, తాళ్లు కట్టి ఆపేసి లేకపోతే. తిరిగొచ్చాక ఆ చిన్న కంపెనీ మాట నిలబెట్టుకుందో లేదో ఇక్కడ రాయండి, వచ్చే ఏడాది మా అక్కావాళ్లు వెళ్తున్నారు.