జూలియా చైల్డ్ జీవితచరిత్ర: టీవీకి ముందరి అధ్యాయాలు వదిలేయవచ్చా?

ప్రశ్న (పుస్తకాల అర):
ఫ్రెంచి వంటను టెలివిజన్ ద్వారా అమెరికా ఇళ్లకు చేర్చిన జూలియా చైల్డ్ గురించి నోయెల్ రైలీ ఫిచ్ 1997లో వెలువరించిన జీవితచరిత్ర చదువుతున్నాను. 1912లో పాసడీనాలో కలవారింట పుట్టడం, స్మిత్ కళాశాల చదువు, యుద్ధకాలంలో గూఢచార సంస్థ ఓఎస్ఎస్‌లో కొలువు, సింహళంలో పరిచయమైన పాల్ చైల్డ్‌తో 1946లో పెళ్లి, ఇన్ని జరిగినా ఆవిడకు ఇంకా సరిగ్గా వంట రాదు! బోస్టన్‌లో 'ది ఫ్రెంచ్ షెఫ్' మొదలైన 1963 నాటికి ఆవిడకు యాభై ఏళ్లు నిండాయి. నాకు ఆసక్తి ఉన్నది ఆ కార్యక్రమం మీదే కాబట్టి, నేరుగా అక్కడికి వెళితే నష్టమేమైనా ఉంటుందా? చదివినవారు చెప్పగలరు.

జవాబు (గోధుమపిండి):
వెళ్లకండి. సింహళంలోని క్యాండీలో, ఓఎస్ఎస్ కొలువులో ఆవిడ పని రహస్యపత్రాలను నమోదు చేసి, వర్గీకరించి, అడిగినప్పుడు వెంటనే తీసి ఇవ్వడం. వంట నేర్చుకున్నాక కూడా ఆవిడ పద్ధతి అదే. 1949లో పారిస్‌లోని కార్డన్ బ్లూ వంటల పాఠశాలలో చేరిన తర్వాత, గురువు చెప్పినదాన్ని నమ్మి ఊరుకోకుండా ఒక్కొక్క వంటకాన్నీ మళ్లీ మళ్లీ చేసి, కొలతలతో సహా టైపు చేసి పెట్టుకున్నారు. ఆవిడ ఫ్రెంచి వంటపుస్తకానికి 1970లో వచ్చిన రెండో సంపుటంలోని రొట్టె ప్రకరణమే చూడండి: బేకరీ పొయ్యిలో ఉండే ఆవిరి ఇంటి ఓవెన్‌లో ఎలా పుడుతుందన్న చిక్కు తేల్చడానికి, బాగా కాల్చిన రాతిని నీళ్లలో వేసే ఉపాయం దాకా వెళ్లారు. తొలి అధ్యాయాలు దాటేస్తే ఈ పట్టుదల ఎక్కడిదో అంతుపట్టదు.

జవాబు (మేరీలాండ్ నుంచి):
పై మాటతో సగమే ఏకీభవిస్తాను. విందులకు ఎవరెవరు వచ్చారు, ఏమేమి వడ్డించారు అన్న పుటలు నాకు విసుగే పుట్టించాయి; అవి వేగంగా తిప్పేసినా ఫరవాలేదు. పాల్ గురించిన భాగాలు మాత్రం వదలవద్దు. ఆరడుగుల రెండంగుళాల జూలియాకు నడుము వంగకుండా ఉండేందుకు కేంబ్రిడ్జి ఇంట్లో వంటగట్టును మామూలుకన్నా ఎత్తుగా కట్టించినదీ, గోడకు తగిలించే ప్రతి మూకుడు చోటునూ దాని ఆకారంలోనే గీత గీసి గుర్తుపెట్టినదీ ఆయనే. ఆ వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ చరిత్ర మ్యూజియంలో ఉంది. ఆ గీతల ముందు నిలబడినప్పుడు పుస్తకంలోని దాంపత్యం నాకు బాగా అర్థమైంది.

జవాబు (పాత పాఠకుడు):
ఒక సవరణ, ఒక సూచన. ఆవిడ కోడిని నేల మీద పడేసి, దులిపి వడ్డించారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది కట్టుకథ. నిజానికి జారిపడినది బంగాళాదుంప అట్టు, అదీ పొయ్యిగట్టు మీదే. ఇక సూచన: 1961లో క్నాఫ్ ప్రచురించిన తొలి వంటపుస్తకానికి సిమోన్ బెక్, లూయిసెట్ బెర్తోల్ కూడా రచయిత్రులే. టీవీ వల్ల పేరంతా ఒక్కరికే దక్కింది. పేరు వచ్చాక బెక్‌తో స్నేహం ఎలా సాగిందో తెలియాలంటే, పేరు రాకముందు ఆ ఇద్దరూ వంటగదిలో ఎలా వాదించుకునేవారో చదివి ఉండాలి. కనీసం పారిస్ దగ్గరనుంచైనా మొదలుపెట్టండి.