ఎక్స్‌పోర్ట్‌లో క్రాష్: కార్డు మార్చాలా, టైమ్‌లైన్ వెతకాలా?

మిక్సింగ్_పేట:
గంటా ఇరవై నిమిషాల పెళ్లి వీడియో. మిక్సింగ్ (ఎడిటింగ్) మొత్తం అయిపోయింది, ప్రివ్యూ ఆగకుండా ఆడుతోంది. ఎక్స్‌పోర్ట్ (అంతా ఒక వీడియో ఫైల్‌గా తీయడం) కొడితే మాత్రం 64 శాతం దగ్గర సాఫ్ట్‌వేర్ దానంతటదే మూసుకుపోతోంది. ఎర్రర్ కూడా చూపించదు. 16 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు. షాపాయనేమో కార్డు చాలదు, 12 జీబీది వేయించుకో అంటున్నాడు. ఇంకొకాయన ఫార్మాట్ కొట్టించమంటున్నాడు. పార్టీ వాళ్లు ఆదివారానికి కావాలంటున్నారు. కార్డు కొనాలా వద్దా?

క్లిప్‌బిన్:
ఇప్పుడే కొనకండి అన్నా. ముందు ఒక్క విషయం చూడండి: ప్రతిసారీ అదే 64 దగ్గర ఆగుతోందా, చోటు మారుతోందా? ఒకే చోట ఆగితే నూటికి తొంభై పాళ్లు ఆ చోట ఉన్న క్లిప్పో, ఎఫెక్టో, ఫోటోనో కారణం. కార్డు మార్చినా మళ్లీ అక్కడే తగులుతుంది, డబ్బులు పోతాయి.

వెతకడం కష్టమేం కాదు. ఆగిన చోటుకు అటూ ఇటూ ఇన్, అవుట్ పాయింట్లు (మొదలు, చివర గుర్తులు) పెట్టి ఆ రెండు మూడు నిమిషాలు మాత్రమే ఎక్స్‌పోర్ట్ చేయండి. క్రాష్ అయితే ఆ ముక్కను సగం చేసి మళ్లీ చేయండి. అలా సగం చేసుకుంటూ పోతే చివరికి ఒక్క క్లిప్ మిగులుతుంది. శాతాన్ని మాత్రం మరీ నమ్మకండి. అప్పటిదాకా రాసిన ఫైల్ సైజు, గడిచిన టైమ్ కూడా చూసుకుని చోటు అంచనా వేయండి.

ప్రివ్యూ బాగా ఆడింది కాబట్టి టైమ్‌లైన్ (క్లిప్‌లు వరసగా పేర్చిన పట్టీ) బాగుందని చాలామంది అనుకుంటారు. ప్రివ్యూ సగం రిజల్యూషన్‌లోనో పావు రిజల్యూషన్‌లోనో నడుస్తుంది, అందకపోతే ఫ్రేములు వదిలేస్తుంది. ఎక్స్‌పోర్ట్‌లో ఏ ఫ్రేమూ వదలడానికి లేదు, ప్రతిదీ ఫుల్ క్వాలిటీలో లెక్కగట్టాలి.

కారు_సర్వీస్_కరీంనగర్:
క్లిప్‌బిన్ అన్నా, మీరు చెప్పింది అన్ని మిషన్లకు నడవదు. నా దగ్గరికి రిపేరుకు వచ్చే కంప్యూటర్లు ఎక్కువ మటుకు ఒకసారి 20 దగ్గర, ఇంకోసారి 80 దగ్గర ఆగేటివే. అక్కడ టైమ్‌లైన్ ఎంత వెతికినా ఏం దొరకదు. ఎడిటింగ్‌ల లోడ్ వచ్చి పోతుంటది, ఎక్స్‌పోర్ట్‌ల గంటసేపు దమ్ము తీసుకోకుండ ఫుల్ లోడ్ ఉంటది. మే నెలల ఏసీ లేని రూముల, హీట్‌సింక్ నిండ దుమ్ముతోని, సస్తా ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మీద ఆ లోడ్ పడితే మిషన్ ఆగక ఏం చేస్తది?

చిప్‌లల్ల కూడ లోపాలు ఉంటయి. 13, 14 తరం ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లల్ల వోల్టేజ్ సమస్య ఉందని 2024ల కంపెనీనే ఒప్పుకుంది, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేండ్లు పెంచింది. అసొంటి మిషన్‌ల ప్రాసెసర్ తప్పు చేస్తుంటే స్క్రీన్ మీద ఒక్కోసారి వీడియో మెమరీ లేదని వస్తది. జనం పోయి కొత్త కార్డు కొంటరు.

మిక్సింగ్_పేట:
క్లిప్‌బిన్ గారూ, ఇంకో రెండుసార్లు పెట్టి చూశాను, అదే చోట ఆగింది. అక్కడ తలంబ్రాలు అయిపోయాక ఫోటోల స్లైడ్‌షో ఉంది. ఆల్బమ్ ఫోటోలు, కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే పెట్టాను. వెనకాల అదే ఫోటో బ్లర్ చేసి, ముందు జూమ్ ఇచ్చాను.

క్లిప్‌బిన్:
దొరికిందనే అనుకుంటున్నా. ఆ ఫోటోలు 6000 బై 4000 సైజువా? అయితే ఒక్కొక్కటి 2.4 కోట్ల పిక్సెళ్లు. 32 బిట్ ఫ్లోట్‌లో (రంగులను బాగా సూక్ష్మంగా) లెక్క చేసే సాఫ్ట్‌వేర్‌లో పిక్సెల్‌కు 16 బైట్లు, అంటే ఒక్క ఫోటో విప్పితే దాదాపు 384 ఎంబీ. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ అదే లెక్కన 33 ఎంబీ. ఫోటో రెండు పొరలు, పైన బ్లర్, పక్క ఫోటోకు డిజాల్వ్ (ఒకటి కరిగి ఇంకొకటి రావడం) కూడా ఉంటే ఆ ఒకటి రెండు సెకన్లలోనే 6 జీబీ కార్డు నిండిపోగలదు. ఫోటోలన్నీ 2500 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి అదే పేర్లతో వేరే ఫోల్డర్‌లో పెట్టి రీలింక్ చేయండి (పాత వాటి బదులు వీటిని ప్రాజెక్ట్‌కు చూపించండి). జూమ్‌కు ఆ సైజు ధారాళంగా సరిపోతుంది. ఫోటోల సైజు మారింది కాబట్టి స్కేల్ ఒకసారి సరిచూసుకోండి.

వీడియోవాలా_వైజాగ్:
నా అభిప్రాయం వేరు. ఏ ప్రాజెక్ట్ అయినా మొదలెట్టే ముందే ఫుటేజ్ మొత్తం ఎడిటింగ్‌కు తేలికైన ప్రోరెస్, డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ లాంటి ఫార్మాట్‌కు మార్చేసుకుంటే ఈ వెతుకులాటే ఉండదు. ఫోన్ క్లిప్‌లలో ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, హెచ్‌ఈవీసీ కంప్రెషన్ విప్పడం బరువు. అందరూ మార్చుకోవాలి.

క్లిప్‌బిన్:
అందరూ అంటే ఒప్పుకోలేనండీ. ఫుల్ హెచ్‌డీ 30 ఫ్రేముల ప్రోరెస్ 422 గంటకు సుమారు 66 జీబీ. మూడు కెమెరాలు, తలా ఆరు గంటలు అంటే దాదాపు 1,200 జీబీ. ముహూర్తాల సీజన్‌లో వరసగా పెళ్లిళ్లు చేసే చిన్న స్టూడియో ఆ డిస్కులు ఎక్కడ తెస్తుంది? క్లిప్‌లను మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర వేరియబుల్ అని ఉన్న క్లిప్‌లు మాత్రమే హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ పెట్టి మార్చుకుంటే చాలు. బంధువుల ఫోన్లనుంచి వచ్చేవే ఎక్కువగా అలా ఉంటాయి.

పేట అన్నా, ఆదివారం దాటకూడదంటే వీడియో మొత్తం ఒకే ఫైల్‌గా తీయకండి. ఎంపీ4 ఫైల్‌కు ఇండెక్స్ (ఏ ఫ్రేమ్ ఎక్కడుందో చెప్పే పట్టిక) సాధారణంగా చివర్లో రాస్తారు, 99 శాతం దగ్గర ఆగినా ఆ ఫైల్ తెరుచుకోదు. పెళ్లికూతుర్ని చేయడం, జీలకర్ర బెల్లం, రిసెప్షన్ అని ముక్కలుగా తీసి చివర్న కలపండి. ఫోటోలు మార్చాక కూడా మొండికేస్తే హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (కార్డు చేసేది) తీసేసి సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగ్ (ప్రాసెసర్ చేసేది) పెట్టండి. రెండింతలు మూడింతలు టైమ్ పట్టినా పట్టనీ. పెన్‌డ్రైవ్ మీదికి నేరుగా తీయడం మాత్రం వద్దు. అది ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే ఫైల్ 4 జీబీకి చేరగానే ఆగిపోతుంది.

మిక్సింగ్_పేట:
ఫోటోలు కుదించి ఆ నాలుగు నిమిషాలు తీశాను, వచ్చేసింది. ఫుల్ వీడియో ముక్కలుగా పెడుతున్నాను. కార్డు ఇప్పుడు కొనను.

కారు_సర్వీస్_కరీంనగర్:
మంచిగైంది. కని వేరే వాళ్లు చదువుతరు కాబట్టి చెప్తున్న: చోటు మారుతుంటే ఫోటోలు కుదించుకుంట కూసోకుర్రి. విండోస్‌ల ఈవెంట్ వ్యూయర్ (ఎర్రర్లు రాసుకునే చిట్టా) తెరువుర్రి, సిస్టమ్ లాగ్‌ల క్రాష్ అయిన టైమ్ దగ్గర చూడుర్రి. కెర్నల్-పవర్ 41 ఉంటే మిషన్ మొత్తం ఒక్కసారి పోయిందన్నట్టు. ముందు ఎస్‌ఎంపీఎస్, వేడి చూసుకోవాలె. డిస్‌ప్లే 4101 ఉంటే కార్డు డ్రైవర్ ఆగి మళ్ల లేచింది. పాత డ్రైవర్ పూర్తిగ తీసి కొత్తది ఎక్కియ్యాలె. డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ అని కనబడితే ప్రాసెసరో ర్యామో హార్డ్‌వేర్ దిక్కు సమస్య. ఇవేం లేకుండ అప్లికేషన్ లాగ్‌ల 1000 నంబర్ ఎర్రర్ ఒక్కటే ఉంటే, దాంట్ల ఫాల్టింగ్ మాడ్యూల్ అని ఒక ఫైల్ పేరు ఉంటది. ఆ పేరు, మీ కార్డు మోడల్, డ్రైవర్ వెర్షన్ ఇక్కడ పెట్టుర్రి, చూసి చెప్త.